ఆ తాళం ఎవరిది?

పాత ఫోన్ల గురించి కిందటి సంచికలో రాశాక, ట్యాబ్లెట్ల గురించి ఉత్తరాలు వరసగా వచ్చాయి. ఊళ్లు వేరు, కంపెనీలు వేరు, కష్టం మాత్రం ఒకటే. అద్దం బాగుంది, బ్యాటరీ నిలుస్తోంది, అయినా వస్తువు మన మాట వినదు. లోపల ఎవరో తాళం వేసి పెట్టారు. సికింద్రాబాద్‌లో నా రిపేర్ బల్ల మీదకు వచ్చే ప్రతి ట్యాబ్ విషయంలో నేను ముందు అడిగేది ఆ తాళం ఎవరు వేశారనే. తయారుచేసిన కంపెనీ వేసిందా, పాత యజమాని వేశాడా, ఇచ్చిన సంస్థ వేసిందా? దాన్ని బట్టే నా జవాబు మారుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికా నుంచి 2011లో తెచ్చిన ఐప్యాడ్ 2 ఉంది. తెర మీద చిన్న గీత కూడా పడలేదు. కానీ సగం వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఏ యాప్ వేద్దామన్నా కొత్త ఐఓఎస్ కావాలంటుంది. ఉన్నది 9.3.5, అంతకు మించి అప్‌డేట్ లేదంటుంది. నాకు కావలసినవి పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు, అన్నమయ్య కీర్తనలు, రేడియో. జైల్‌బ్రేక్ చేస్తే అన్నీ వస్తాయంటున్నాడు మా మనవడు. చేయించవచ్చా? అది నేరం కాదు కదా?
— ఒక పాఠకుడు, తెనాలి

మాస్టారూ, జైల్‌బ్రేక్ అంటే కంపెనీ వేసిన తాళం తీసి, అది ఒప్పుకోని ప్రోగ్రామ్‌లు కూడా వేసుకునేలా చేయడం. ముందు ఆ నేరం భయం తీరుద్దాం. 1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 2012 సవరణలో 65ఎ అనే సెక్షన్ చేరింది. ఇతరుల హక్కులను కొల్లగొట్టే ఉద్దేశంతో డిజిటల్ తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా అంటుందది. అక్కడ కీలకం ఉద్దేశం. దొంగ సినిమాల కోసమో, డబ్బు కట్టాల్సిన యాప్‌లను ఊరికే వాడుకోవడం కోసమో తాళం తీయడం వేరు. సొంత డబ్బుతో కొన్న వస్తువులో కీర్తనలు వినడానికి తీయడం వేరు. అమెరికాలో కూడా ఫోన్ల జైల్‌బ్రేక్‌కు 2010లోనే మినహాయింపు ఇచ్చారు. 2012లో ట్యాబ్లెట్లకు అడిగితే కాదన్నారు. చివరికి 2015లో వాటికీ ఇచ్చారు. కంపెనీ షరతులకు ఇది విరుద్ధమే, చేస్తే వారంటీ ఇవ్వనంటుంది. మీ ఐప్యాడ్‌కు వారంటీ అయిపోయి ఎన్నేళ్లయిందో మీకే తెలుసు.

నా అభిప్రాయం దాచుకోను. గృహప్రవేశం అయ్యాక కూడా తాళంచెవి మేస్త్రీ దగ్గరే ఉంటే ఆ ఇల్లు మనదని ఎలా అంటాం? కంపెనీ తన భద్రత కోసం, మన భద్రత కోసం తాళం వేసిందంటే ఒప్పుకుంటాను. కానీ ఇక అప్‌డేట్లు ఇవ్వనని చేతులెత్తేసిన రోజున ఆ తాళంచెవి కొన్నవాళ్ల చేతికి రావాలి. రానప్పుడు మనం తీసుకోవడంలో తప్పులేదని నేను నమ్ముతాను.

అయితే మాస్టారూ, మీరు అడిగిన మూడు పనుల్లో ఎక్కువ భాగానికి జైల్‌బ్రేక్ అక్కర్లేదు. ముందు ఇవి చేసి చూడండి.

సెట్టింగ్స్‌లో తేదీ, సంవత్సరం సరిగా ఉన్నాయా? చాలాకాలం ఛార్జింగ్ లేకుండా పడి ఉన్న ట్యాబ్లలో తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. అప్పుడు ఏ సురక్షిత వెబ్‌సైటూ తెరుచుకోదు. తేదీ బాగానే ఉండి కూడా తెరుచుకోకపోతే అసలు కారణం వేరే. వెబ్‌సైట్లు తమ గుర్తింపు చూపించడానికి సర్టిఫికెట్లు వాడతాయి. చాలా సైట్లకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాటిని ఉచితంగా ఇస్తుంది. పాత పరికరాలు దాన్ని నమ్మడానికి ఆధారమైన మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 అనేది ఐఓఎస్ 10 నుంచే లోపల ఉంది, మీ 9లో లేదు. అంటే మీ ఐప్యాడ్‌లో ఏదీ చెడిపోలేదు. ఒక చిన్న ఫైలు లేకపోవడం వల్ల సగం ప్రపంచాన్ని గుర్తుపట్టలేకపోతోంది, అంతే. ఇలాంటి కారణానికి బంగారంలాంటి వస్తువులు తూకానికి పోతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆ ఫైలును మీ మనవడు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత సైటు నుంచే కంప్యూటర్‌లోకి దించి, మెయిల్‌లో మీ ఐప్యాడ్‌కు పంపాలి. నొక్కగానే ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతుంది, చేయండి. వేరే ఎక్కడి నుంచీ ఇలాంటి ఫైలు తీసుకోవద్దు. దొంగ మూల సర్టిఫికెట్ వేస్తే మీరు వెబ్‌లో చూసేదంతా ఎవరో చదివేయగలరు. ఇది వేశాక చాలా సైట్లు తెరుచుకుంటాయి. కొత్త హంగులతో కట్టిన సైట్లు కొన్ని అప్పటికీ సరిగా కనిపించవు. ఆ లోపం బ్రౌజర్ పాతదవడం వల్ల వచ్చింది, దానికి మందు లేదు.

యాప్‌ల విషయానికి ఒక దారి ఉంది. ఇంట్లో ఎవరిదైనా కొత్త ఐఫోన్ ఉంటే, యాప్ స్టోర్‌లో మీ ఆపిల్ ఐడీతో ప్రవేశించి, పాటలు, వీడియోలు ఆడించే వీఎల్‌సీ అనే యాప్ దించుకోండి. తర్వాత పాత ఐప్యాడ్ యాప్ స్టోర్‌లో 'పర్చేజ్డ్' అనే చోట అదే యాప్ కనిపిస్తుంది. నొక్కితే ఈ పరికరానికి సరిపోయే చివరి వెర్షన్ ఇవ్వమంటారా అని అడుగుతుంది, సరే అనండి. పాత ఐఓఎస్‌లో పాస్‌వర్డ్ సరిగా కొట్టినా తప్పంటుంటే టెన్షన్ పడకండి. పాస్‌వర్డ్ పక్కనే ఖాళీ లేకుండా, ఫోన్‌కు వచ్చిన 6 అంకెల కోడ్ కూడా కలిపి కొట్టాలి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఇక్కడే ఆగిపోయి ఉంటారు.

వీఎల్‌సీలో వైఫై షేరింగ్ ఆన్ చేస్తే ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టి కీర్తనల ఫైళ్లన్నీ ఐప్యాడ్‌లోకి ఎక్కించవచ్చు. కేబుల్ అక్కర్లేదు. అదే యాప్‌లో నెట్‌వర్క్ స్ట్రీమ్ అనే చోట రేడియో స్ట్రీమ్ చిరునామా అతికించి చూడండి.

పుస్తకాల సంగతి మీకు బాగా నచ్చుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడన్ని ఉన్నాయి. అవి పేజీల ఫొటోలు కాబట్టి ఫాంట్ల గొడవ ఉండదు. కానీ మీ ఐప్యాడ్ 2లో ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. పెద్ద పుస్తకం మొత్తం ఒకే ఫైలుగా పెడితే పేజీ తిప్పేటప్పుడు యాప్ మూసుకుపోవచ్చు. కంప్యూటర్‌లో దాన్ని వంద పేజీల ముక్కలుగా చేసి, రంగు తీసేసి నలుపు తెలుపులోకి మార్చండి. తెర ఎలాగూ 1024 బై 768 చుక్కలే, అంతకన్నా పెద్ద బొమ్మ దానికి భారం తప్ప లాభం లేదు. కంప్యూటర్‌లోని ఐట్యూన్స్ ప్రోగ్రామ్ ద్వారా ఐప్యాడ్‌లోని ఐబుక్స్ అనే పుస్తకాల యాప్‌లో వేసుకోండి. దీనికి వెడల్పాటి 30 పిన్నుల పాత కేబుల్ కావాలి. అది పోతే కొత్తగా దొరకడం కష్టం, జాగ్రత్త.

ఇవన్నీ చేశాక కూడా ఐప్యాడ్ నత్తనడక నడుస్తుంటే, అప్పుడు జైల్‌బ్రేక్ గురించి ఆలోచించాలి. ఐఓఎస్ 9 మీ ఐప్యాడ్‌లోని ఎ5 చిప్‌కు మోయలేని బరువు. దాన్ని 8.4.1కి వెనక్కి తీసుకెళ్తే తేడా చేతికి తెలుస్తుంది. మామూలుగా వెనక్కి వెళ్లనివ్వరు. ఐఓఎస్ వేసే ప్రతిసారీ ఆపిల్ సర్వర్ సంతకం చేయాలి, పాత వెర్షన్లకు అది చేయదు. అయితే ఎ5 పరికరాలకు 8.4.1 విషయంలో కేబుల్ లేకుండా వైఫైలో నేరుగా వచ్చే అప్‌డేట్ రూపంలో ఆ సంతకం ఇప్పటికీ దొరుకుతోంది. ఆ సందులోంచే వెళ్లాలి.

మీ మనవడికి వరస చెబుతాను. 9.3.5కు పనిచేసే జైల్‌బ్రేక్ పేరు ఫీనిక్స్, 2017లో వచ్చింది. దాన్ని కంప్యూటర్ నుంచి సైడ్‌లోడ్లీ లాంటి ప్రోగ్రామ్‌తో, ఒక ఆపిల్ ఐడీ ఇచ్చి ఐప్యాడ్‌లో వేయాలి. ఇందుకు వేరే ఐడీ ఒకటి సృష్టించుకోవడం మంచిది. సెట్టింగ్స్‌లో ఆ ఐడీని నమ్ముతున్నట్టు ఒప్పుకోవాలి. ఉచిత ఐడీతో వేసిన యాప్ 7 రోజులే బతుకుతుంది. ఫీనిక్స్ తెరిచి మొదలుపెట్టాక 'యూజ్ ప్రొవైడెడ్ ఆఫ్‌సెట్స్' ఎంచుకోవాలి. మొదటిసారే కాకపోవచ్చు, ఐప్యాడ్ రీస్టార్ట్ అయిపోతే మళ్లీ ప్రయత్నించాలి. అది అయ్యాక సిడియా అనే, జైల్‌బ్రేక్ చేసిన పరికరాల యాప్ స్టోర్ కనిపిస్తుంది. అందులోంచి, కంప్యూటర్ ఐప్యాడ్ లోపలికి వెళ్లడానికి దారి తెరిచే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ వేయాలి. అప్పుడు లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉన్న కంప్యూటర్‌కు కలిపి లెగసీ ఐఓఎస్ కిట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 8.4.1 వేయించాలి. వేసేటప్పుడే జైల్‌బ్రేక్ కలిపి వేయమనే వీలు అందులో ఉంది. ఐప్యాడ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలుంటే ముందే తీసిపెట్టుకోండి. ఐక్లౌడ్‌లోంచి ముందుగా బయటికి రావడం మరువద్దు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వెనక్కి వెళ్లాక కొన్ని యాప్‌ల పాత వెర్షన్లు ఇంకా పాతవి దొరుకుతాయి, కొన్ని అసలు దొరకవు. చదవడం, వినడం మీ పని అయితే అది ఇబ్బంది కాదు.

పూర్తయిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ఐప్యాడ్‌లోనూ రూట్ అనే, అన్ని అధికారాలూ ఉన్న లోపలి ఖాతా పాస్‌వర్డ్ 'ఆల్పైన్' అనే ఒకే మాట. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ వేశాక అది మార్చకపోతే అదే వైఫైలో ఉన్న ఎవరైనా లోపలికి రావచ్చు. 2009 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఐకీ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) సరిగ్గా ఈ పాస్‌వర్డ్ మార్చని జైల్‌బ్రేక్ ఐఫోన్లలోకే దూరింది. రూట్, మొబైల్ అనే రెండు ఖాతాలకూ పాస్‌వర్డ్ మార్చమనండి.

చివరిగా, ఈ ఐప్యాడ్‌లో బ్యాంకు, ఆధార్ కాగితాలు వద్దే వద్దు. సర్టిఫికెట్ ఫైలు అందుకున్నాక మెయిల్ కూడా తీసేయండి. మీ 9.3.5 వెర్షన్‌ను 2016 ఆగస్టులో హడావుడిగా విడుదల చేసింది పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ వాడుకున్న లోపాలను పూడ్చడానికే. 8.4.1కి వెళ్తే ఆ లోపాలు మళ్లీ తెరుచుకుంటాయి. పుస్తకాలకు, పాటలకు అది లెక్కలేదు. డబ్బు విషయానికి మాత్రం చాలా లెక్క.

ప్రశ్న: అక్కా, మా బాబు 8వ తరగతిలో ఉండగా గవర్నమెంటు బడిలో శాంసంగ్ ట్యాబ్ ఇచ్చారు. పాఠాలు తప్ప ఏవీ రావు. ఇప్పుడు ఇంటర్‌కు వచ్చాడు. కాలేజీ వీడియోలు చూసుకోవడానికి పనికొస్తుంది కదా అని బజారులో అడిగితే, 'లాక్ తీసేస్తాం, 800 ఇవ్వండి' అన్నారు. తీయించమంటారా?
— ఒక తల్లి, ప్రకాశం జిల్లా

వద్దు చెల్లెమ్మా, ఇప్పుడే వద్దు.

2022 డిసెంబర్ 21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. బైజూస్ పాఠాలు వేసి ఇచ్చారు. మీ బాబుది అదే అయితే గెలాక్సీ ట్యాబ్ ఎ7 లైట్, 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్. మీరన్నట్టు ఇంటర్ చదువుకు చక్కగా సరిపోయే వస్తువు. పిల్లలు వేరే వాటిలో పడకుండా దూరం నుంచి అదుపు చేసే సాఫ్ట్‌వేర్ అందులో పెట్టారు. తెనాలి మాస్టారి ఐప్యాడ్ తాళం కంపెనీది, ఆయన కొనుక్కున్న వస్తువు మీద కంపెనీ వేసినది. మీ ట్యాబ్ తాళం వేసింది ఆ వస్తువు ఇచ్చినవాళ్లు. అందుకే ముందు అడగాలి.

బాబు 10వ తరగతి చదివిన బడికి వెళ్లి హెడ్‌మాస్టర్ గారిని కలవండి. ట్యాబ్ పిల్లవాడికే ఉండిపోతుందా, తిరిగి ఇవ్వాలా, ఉండిపోయేదైతే లాక్ తీయించే దారి ఏమిటి అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇలాంటి లాక్‌ను నిర్వాహకులు తమ సర్వర్ నుంచి ఒక్క ఆదేశంతో తీసేయగలరు. ఒక్క రూపాయి ఖర్చు ఉండదు. చదువు ముగించిన పిల్లల దగ్గర ఉన్న ట్యాబ్‌లన్నిటికీ ఆ పని చేస్తే ఎన్ని ఇళ్లలో ఉపయోగపడతాయో ఆలోచించండి. మీలాంటివాళ్లు నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

బజారులో తీసే పద్ధతి గురించి కూడా చెబుతాను. ట్యాబ్‌ను రీసెట్ చేస్తే సరిపోదు, ఇంటర్నెట్ తగలగానే చాలాసార్లు లాక్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకని కొందరు బూట్‌లోడర్ (ట్యాబ్ ఆన్ కాగానే ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో చూసే కాపలా ప్రోగ్రామ్) తెరిచి ఎక్కడి నుంచో తెచ్చిన సాఫ్ట్‌వేర్ పోస్తారు. బూట్‌లోడర్ తెరిచి వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే శాంసంగ్ చిప్‌లో నాక్స్ ఫ్యూజ్ అనేది కాలిపోతుంది, మళ్లీ అతుక్కోదు. సెక్యూర్ ఫోల్డర్ లాంటి భద్రతా సదుపాయాలు ఇక ఎప్పటికీ రావు. అంతకన్నా నాకు భయం వేసేది, ఆ పోసిన సాఫ్ట్‌వేర్‌లో ఇంకేముందో ఎవరికీ తెలియకపోవడం. పిల్లవాడి చేతిలో కెమెరా, మైకు ఉన్న వస్తువు అది.

ప్రశ్న: మేడమ్, సెకండ్ హ్యాండ్‌లో 4,500 పెట్టి ఐప్యాడ్ ఎయిర్ కొన్నాను. ఇంటికొచ్చి రీసెట్ చేస్తే ఎవరిదో మెయిల్ ఐడీ సగం చూపించి పాస్‌వర్డ్ అడుగుతోంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. జైల్‌బ్రేక్ చేస్తే ఇది పోతుందా?
— ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

పోదు తమ్ముడూ. జైల్‌బ్రేక్ తీసేది కంపెనీ తాళం. నీకు కనిపిస్తున్నది యాక్టివేషన్ లాక్, ఆ ఐప్యాడ్ అసలు యజమాని వేసుకున్న తాళం. 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. దొంగిలించిన వస్తువు దొంగకు పనికిరాకుండా పోవాలన్నదే దాని ఉద్దేశం. ఆ లెక్క ఆపిల్ సర్వర్‌లో ఉంటుంది, నీ చేతిలో ఉన్న పరికరంలో కాదు. 'బైపాస్' చేస్తామనేవాళ్లు దొరుకుతారు. చేయించుకున్నా సగం పనులు జరగవు, ఒక రీసెట్‌తో మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఎవరో పోగొట్టుకున్న వస్తువేమో అది. ఆ పని నేను చేయను, ఎలా చేయాలో చెప్పను.

నువ్వు చేయగలిగినది ఉంది. అమ్మినవాడితో మాట్లాడిన మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదు భద్రపరుచుకో. అతను నిజంగా యజమాని అయితే, ఎక్కడున్నా తన ఐక్లౌడ్‌లోకి వెళ్లి ఈ ఐప్యాడ్‌ను ఖాతా నుంచి తొలగిస్తే చాలు, నీ చేతిలో వెంటనే తెరుచుకుంటుంది. కొన్నప్పటి అసలు బిల్లు ఉంటే ఆపిల్ సపోర్ట్ వాళ్లను కూడా అడగవచ్చు. రెండూ కుదరకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వు. 4,500 అంటే విద్యార్థికి చిన్న మొత్తం కాదు, వదిలేయకు.

ఇక ముందు కొనేటప్పుడు, అమ్మేవారి చేత నీ ఎదురుగానే రీసెట్ చేయించి, మొదటి స్క్రీన్ నుంచి హోమ్ స్క్రీన్ దాకా నువ్వే సెటప్ చేసుకున్నాకే డబ్బు ఇవ్వు.

ప్రశ్న: నా పాత ఐప్యాడ్ మినీ 2లో ఫలానా గ్రూపు మెసేజ్ తెరవగానే యాప్ మూసుకుపోతోంది. అది తెలుగు అక్షరం వల్లే అంటున్నారు. నిజమా? ఐఓఎస్ 11.2.5 ఉంది.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

నిజమేనండీ. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా మాట్లాడుకున్న సంగతి అది. జ, ఞ కలిసిన ఒత్తు తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు వస్తే ఐఓఎస్ 11.2.5 దాన్ని గీయలేక కుప్పకూలేది. మనం మామూలుగా టైప్ చేసే జ్ఞానంలో ఆ గుర్తు ఉండదు కాబట్టి ఏమీ కాదు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో సరిచేశారు. మీ మినీ 2 ఐఓఎస్ 12 దాకా వెళ్తుంది, నేరుగా అందులో చివరి వెర్షన్‌కు అప్‌డేట్ చేసేయండి. పాత వెర్షన్‌లోనే ఉంటే జైల్‌బ్రేక్ తేలిక అని ఎవరైనా ఆపితే వినకండి. చెక్‌రెయిన్ అనే జైల్‌బ్రేక్ ఐఓఎస్ 12 మీద కూడా పనిచేస్తుంది. అది వాడే చెక్‌ఎం8 లోపం 2019 సెప్టెంబర్‌లో బయటపడింది. ఫ్యాక్టరీలోనే చిప్‌లో ముద్రించిన బూట్‌రోమ్ అనే మొదటి ప్రోగ్రామ్‌లో ఉంది కాబట్టి ఏ అప్‌డేటూ దాన్ని పూడ్చలేదు.

ప్రశ్న: అమ్మ కోసం ఇక్కడి నుంచి అమెజాన్ ఫైర్ ట్యాబ్లెట్ పంపాను. ప్లే స్టోర్ లేదు, లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు. ఇండియాలో ఎవరిచేతనైనా రూట్ చేయించాలా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

రూట్ అంటే ఆండ్రాయిడ్ వస్తువు మీద పూర్తి అధికారం తీసుకోవడం, అది అక్కర్లేదండీ. ప్రకటనలతో వచ్చేది తక్కువ ధరకు అమ్మిన రకం. మీ అమెజాన్ ఖాతాలో ఆ పరికరం పేజీకి వెళ్లి తేడా డబ్బు కడితే ప్రకటనలు ఆగిపోతాయి. మీరు అక్కడి నుంచే చేయవచ్చు, ముందు ఆ పని చేయండి. ఫైర్ ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ నుంచే పుట్టింది కాబట్టి గూగుల్ అకౌంట్ మేనేజర్, సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్, ప్లే సర్వీసెస్, ప్లే స్టోర్ అనే నాలుగు ఫైళ్లను ఈ వరసలోనే వేస్తే చాలావాటిలో ప్లే స్టోర్ వస్తుంది. ట్యాబ్ తరానికి తగిన వెర్షన్లే వేయాలి. కొన్ని పాత ఫైర్ మోడళ్లను మీడియాటెక్ చిప్‌లోని లోపం ద్వారా పూర్తిగా తెరవవచ్చు. కానీ కొన్నింటికి వెనక మూత విప్పి బోర్డు మీద ఒక బిందువును తాకించాలి. అమ్మగారి ట్యాబ్‌కు అంత సాహసం ఎందుకండీ? ఆమె వీడియో కాల్‌లో మిమ్మల్ని చూసుకోవడమే కదా కావలసింది.

ప్రశ్న: మేడమ్ గారూ, 2013లో కొన్న నెక్సస్ 7 ఉంది. దాన్ని హాల్లో గోడకు తగిలించి, పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఎప్పుడూ కనిపించేలా చేయాలని మా వారి కోరిక. చాలా నెమ్మదిగా ఉంది. రోజంతా ఛార్జింగ్‌లో ఉంచవచ్చా?
— ఒక గృహిణి, విశాఖపట్నం

ఈ ఉత్తరం చూసి నాకు సంతోషమేసింది. నెక్సస్ 7 అంటే కంపెనీయే తాళంచెవి చేతికిచ్చి అమ్మిన ట్యాబ్. గూగుల్, ఆసుస్ కలిసి 2012లో తెచ్చాయి. కంప్యూటర్‌కు కలిపి 'ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్' అనే ఒక్క ఆదేశం ఇస్తే బూట్‌లోడర్ తెరుచుకుంటుంది. అప్పుడు లోపలున్నదంతా చెరిగిపోతుంది, అంతకు మించి నష్టం లేదు. మొదటి తరం నెక్సస్ 7 ఆండ్రాయిడ్ 5కి వెళ్లాకే ఎక్కువగా మందగించింది. దాని అసలు సాఫ్ట్‌వేర్ ఫైళ్లను గూగుల్ తన సైట్‌లో ఉంచింది. అందులోంచి 4.4.4 తీసుకుని వేయించండి, మళ్లీ కుదురుగా నడుస్తుంది. వేసేవారికి మీది 2012 మోడలా 2013 మోడలా అన్నది ముందే చెప్పండి. ఫైళ్లు వేరు, ఒకదానిది ఒకదానికి వేయకూడదు. వెనకవైపు కెమెరా లేకపోతే 2012 మోడల్.

ఫొటోల కోసం యాప్ కూడా అక్కర్లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డేడ్రీమ్ ఉంటుంది, అందులో ఫొటో ఫ్రేమ్ ఎంచుకోండి. 'ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు' అని పెట్టండి. ఫొటోలు లోపలే పెట్టేస్తే వైఫై కూడా ఆపేయవచ్చు. అప్పుడు ఇంత పాత సాఫ్ట్‌వేర్ గురించి బెంగ ఉండదు.

రోజంతా ఛార్జింగ్ మాత్రం వద్దు. లిథియం బ్యాటరీని నిండుగా ఉంచి, వేడి తగిలిస్తూ పోతే ఉబ్బుతుంది. మీ ఊరి వేసవిలో, ఎండ తగిలే గోడ అయితే ఇంకా త్వరగా. ఎలక్ట్రికల్ షాపులో టైమర్ ప్లగ్ దొరుకుతుంది. పొద్దున కొంతసేపు, సాయంత్రం అందరూ హాల్లో ఉండే సమయంలో కరెంటు వచ్చేలా పెట్టండి. కరెంటు ఉన్నంతసేపు ఫొటోలు కనిపిస్తాయి, ఆగగానే తెర ఆరిపోతుంది. వెనక గాలి ఆడేలా గోడకు కాస్త ఎడంగా తగిలించండి. దేవుడి గది దీపానికి దగ్గరగా, కర్టెన్‌కు ఆనించి పెట్టకండి.

నెలకోసారి దించి చూడండి. వెనక మూత లేచినా, బల్ల మీద పెడితే ఊగినా, తెర ఒక మూల పైకి వచ్చినా వెంటనే ప్లగ్ తీసేయండి. నొక్కి సరిచేయవద్దు, సూదితో గాలి తీయాలని అసలు చూడవద్దు. చెత్తబండిలో వేయకుండా, ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి.

వచ్చే సంచిక కోసం రాసేవాళ్లకు ఒక మనవి. 'పాత ట్యాబ్' అని మాత్రమే రాస్తే నేను సరైన జవాబు ఇవ్వలేను. వెనక మూత మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మోడల్ నంబర్, సెట్టింగ్స్‌లో 'అబౌట్' దగ్గర కనిపించే వెర్షన్, అది మీ చేతికి ఎలా వచ్చింది, దానితో మీకు ఏ పని కావాలి అన్నవి రాయండి. పాస్‌వర్డ్‌లు, ఐఎంఈఐ నంబర్లు మాత్రం ఉత్తరంలో రాయకండి.